వెనక్కి నడిచే ఎద్దు

కంపెనీ వాళ్లు మిషన్ మార్చలేదంట,
లోపలి చిప్పు మార్చినారంట.
పైన అదే వెండి రేకు, అదే మూత, అవే మీటలు.
మౌలాలి పెట్టె విప్పి చూపిచ్చి
"బొమ్మ అదే అక్కా, ప్రాణం వేరే" అన్నాడు.

ఎమ్మిగనూరు బస్సులు మలుపు తిరిగే చోట
పదకొండడుగుల కొట్టు నాది.
ఆదోని పత్తి నూగు గాలిలో ఎగిరొచ్చి
కీబోర్డు సందుల్లో కూర్చుంటుంది.
దీపావళి దాటితే చాలు,
రోజూ బ్రష్షుతో దులపాల్సిందే.
పందొమ్మిదేండ్లు.
పెండ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు,
జిన్నింగు మిల్లుల బిల్లు బుక్కులు,
ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ వేసిన ఉరుసు కరపత్రాలు.
తెలుగంతా ఒకే సాఫ్ట్‌వేరులో కట్టినాను.
దానికి పాత చిప్పు మాట తప్ప ఇంకోటి రాదు.
దాన్ని చేసినాయన హైదరాబాదులో ఆఫీసు మూసేసి
ఇప్పుడు ఫోనెత్తడు.

చిప్పుకు కూడా ఒక భాషుంటుందని
ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు.
కూడు, తీయి, దాచు, దూకు...
అట్లాంటి చిన్న చిన్న ఆజ్ఞలంట,
క్షణానికి కోట్లు.
పాతదానికి ఒక్క మాటలో నాలుగు పనులు చెప్పొచ్చు.
కొత్తదానికి విడమర్చి
ఒక్కో పనికీ ఒక్కో మాట చెప్పాలంట.
అయినా అదే ముందు ముగిస్తుందంట,
వేడెక్కదంట, ఫ్యాను కూడా లేదు.
మే నెలలో ఆదోనిలో వేడెక్కనిది
ఒకటుందంటే నమ్మేదెట్లా?

మధ్యలో ఒక దుబాసీని పెట్టినారు.
పాత మాట విని
కొత్తదాని చెవిలో తిప్పి చెప్తాడు.
"రెండేండ్లే ఉంటాడక్కా,
ఆపైన కంపెనీ తీసేస్తుంది."
మాకు దుబాసీలు కొత్తా?
ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు,
బేరం తెగే చోట ఉర్దూ.
మా అమ్మ ఒక్క వాక్యంలోనే
ముగ్గురికి పని పెట్టేది.
వాళ్లకెవరూ గడువు రాయలేదు.

నిన్న గోనెగండ్ల నుంచి హనుమేశు అని ఒకాయన.
పన్నెండేండ్ల కింద ఇక్కడే అచ్చేసిన
తన పెండ్లి కార్డు మళ్లీ కావాలంట.
సర్టిఫికెట్టుకు ఆఫీసులో అడిగినారంట,
ఇంట్లో దాచింది చెదలు తినిందంట.
ఫైలు తెరిచినాను.
దుబాసీ ఆలోచించినాడు. చాలాసేపు.
చక్రం తిరిగింది, ఇంకా తిరిగింది.
వచ్చింది: కలశం, అంచున నెమళ్లు,
నిమిషాలతో సహా ముహూర్తం.
పెండ్లికూతురి పేరు దగ్గర మాత్రం
సుంకులమ్మకు ఒత్తు జారిపోయి
'సుంకులమ' అని నిలబడింది.
ఆయన నవ్వినాడు:
"మాయమ్మ అట్లనే పిలుస్తుందిలే అక్కా, సగం మింగి."

బావికి కరెంటు మోటారు వచ్చిన ఏడు
మా జేజినాయన కపిలెద్దును
ఒంటెద్దు బండికి కట్టినాడంట.
దానికి తెలిసింది ఒకటే లెక్క:
బాన లాగుతూ నలభై అడుగులు ముందుకి,
బాన దించుతూ నలభై అడుగులు వెనక్కి.
ఆలూరు రోడ్డు మీద నలభై అడుగులు పోయి
ఆగి, వెనక్కి నడిచేదంట.
చూసినోళ్లు నవ్వినారు. చెర్నాకోల తీయమన్నారు.
ఆయన బండి దిగి కాడి పట్టుకుని
తానూ దాంతోపాటు వెనక్కి నడిచినాడు,
లేని బావి దాకా.
బాన మునిగేంత సేపు నిలబడినాడు.
ఆ తర్వాతే ముందుకి.
చేరేసరికి సంత ఎత్తేసినారంట.
ఆ మాట చెప్పేటప్పుడు
ఆయన గొంతులో సిగ్గేమీ ఉండేది కాదు.

ఒత్తు నా చేత్తోనే పెట్టినాను.
హనుమేశు పది రూపాయలు తక్కువిచ్చి పోయినాడు.
పాత మిషన్ అమ్ముతావా అని మౌలాలి అడిగింది
అట్లనే ఉంది, ఇంకా చెప్పలేదు.
ఉన్న ఫైళ్లెన్ని, ఉన్న రోజులెన్ని
క్యాలెండరు వెనక లెక్కేసుకున్నాను.
రోజుకు పదకొండు కొత్త అక్షరాల్లోకి మార్చాలి.
ఈరోజు తొమ్మిదే అయినాయి.