బస్తాల లెక్క

మిర్యాలగూడ మిల్లుల
బస్తాకు నా వంతు మూడు రూపాయలు.
అందుకే ఎవరే ధర చెప్పినా
వీపు మీదికెక్కినంకనే నాకు సమజైతది.

బిడ్డ ఫోటోలు పది బస్తాలు.
నెట్ సెంటర్ల ఫారం నింపిన పిలగానికి యాభై.
ఆదాయం కాయితానికి ఎన్నయినయో యాది లేదు,
రెండుసార్లు తహసీల్దారు లేడు
మూడోసారి సర్వర్ లేదు.

ఆధార్ల పేరుకు ఇంగ్లీషు హెచ్ ఒకటి తక్కువవడ్డది.
బళ్లె ఝాన్సి, కార్డుల జాన్సి.
"గంతదానికి ఏమైతదన్నా" అంటడు లింగయ్య,
ఆయన కొడుకు ఇంకా అంగన్‌వాడీల ఉన్నడు.
ఆ ఒక్క అక్షరానికి పొద్దంత లైన్ల నిలవడ్డ.
బరువు లేనిదాన్ని అంతసేపు మోసుడు
నాకు అలవాటు లేదు.

గురుకులం పరీక్షకు కోచింగు ఆరు వేలు.
మట్టయ్య సారు మంచోడే, రెండు కిస్తులు చేసిండు.
మొదటిది మేస్త్రి కాడ అడ్వాన్సు.
రెండోది స్వరూప కమ్మలు.
తీసిచ్చేటప్పుడు ఏమనలే.
చీపురుపుల్ల రెండు ముక్కలిరిచి
చెవులకు పెట్టుకున్నది,
లేకుంటే బెజ్జాలు పూడుతయట.

ఒక రాత్రి
లెక్కలు చేసుకుంటున్న పిల్ల పక్కన కూసొని
ఊకెనే అన్న, జెర్ర గర్వంగనే అన్న:
"నీ కోచింగు రెండు వేల బస్తాలు బిడ్డా."
పెన్సిలు కదిలియ్యలే.
రెప్ప కొట్టేటాలకు చెప్పింది:
"బస్తాకు యాభై కిలోలైతే
వెయ్యి క్వింటాళ్లు, నాన్నా."

నాకైతే మస్తు సంబురమైంది,
సారు నేర్పిన ఉపాయం పనిచేసిందని.
పిల్ల మాత్రం నా భుజం దిక్కే చూస్తున్నది.
ఆనాటి సంది నన్నేమీ అడగలే,
మోడల్ పేపర్లు గూడ.

గైడు ఒక్కటే కొన్నం.
అండ్ల జవాబు గుండ్రాలు
పెన్సిలుతోని ఉండీ లేనట్టు దిద్దుతది.
సారు కోపం చేసిండట,
అంచులదాక నల్లగ నింపాలె
లేకుంటే మిషను చదువదని.
"మా తమ్మునికి గూడ ఇదే గైడు సార్" అన్నదట.
భానుగాడు ఇంకా రెండో తరగతి.

పరీక్ష నల్లగొండల.
తొలి బస్సు. ఆడోళ్లకు ఉత్తగనే, నాకొక్కనికే టికెట్టు.
గేటు మూసినంక
మూతవడ్డ దుకాణాల మెట్ల మీద కూసున్నం
తల్లులు, తండ్రులు, ఒక తాత.
చందంపేట దిక్కు తండా నుంచి వచ్చినామె
జొన్నరొట్టె తుంచి నాకింత పెట్టింది.
నీకెంతైందని ఆమె అడగలే,
నేనడగలే.
నడుమ లింగయ్య ఫోను:
ఇయ్యాల మూడు లారీలొచ్చినయ్, నువ్వు లేవు అని.

పిల్లలు బయటికొస్తుండ్రు.
ఎట్ల రాసినవు అని అడగాలనుకున్న,
నోట్లెకెల్లి వేరే మాట వచ్చింది:
"గట్టిగ దిద్దినవా?"
వేలు చూపిచ్చింది.
పెన్ను ఒత్తిన కాడ ఎర్రగ కమిలి ఉన్నది.
"పెన్ను గద నాన్నా, తుడుస్తె పోదు."
బస్సుల నా ఒళ్లె తల పెట్టి
వేములపల్లి దాటేదాక పండుకున్నది.

రిజల్టు ఇంక రాలే.
సీటొస్తె పెట్టె, దుప్పటి, పళ్లెం, చెప్పులు,
రాకుంటే ఇంకొక పరీక్ష ఉన్నదట.
బస్తాలైతే దిగుతనే ఉన్నయ్.

నిన్న పని నుంచి వచ్చేసరికి
భానుగాడు గైడు ముందటేసుకొని
అక్క గుండ్రాలు రబ్బరుతోని తుడుస్తుండు.
పేజీల నిండ పొట్టు.
ఒక పేజీ కాడ ఆగిండు.
మూలకు చిన్నగ పెన్నుతోని రాసున్నది,
వెయ్యి క్వింటాళ్లు అని.
ఎంత రుద్దినా పోతలేదు,
కాయితం పలచగై చినిగేటట్టున్నది.

"ఇడిసిపెట్టురా" అన్న,
"ఆ పేజీ ఇడిసిపెట్టి తుడువు."