రెండో ప్రతివాది

పురానీ హవేలీ కోర్టు మెట్ల మీద
జుబేదా వకీలు మేడం అడిగింది:
"ఆమె పేరు? తండ్రి పేరు? వయసు? ఇంటి నంబరు?"
రంకు రుజువు చెయ్యాలంటే
ఆ మనిషిని గూడ కాయితం మీదికి తేవాలంట.
రెండో ప్రతివాది.

నాకన్నీ తెల్సు.
అంబర్‌పేట, మూడో గల్లీ, పిస్తా రంగు గేటు,
గేటు మీద ఆరేసిన టవల్ నేను కొన్నదే.
అది మాత్రం రాయొద్దన్నది మేడం.

మొదటిసారి సమన్లు వాపస్ వచ్చినయి.
"తలుపుకు తాళం" అని రాసుకొచ్చిండు అమీన్.
తాళమెక్కడిది, లోపల టీవీల క్రికెట్ మోగుతుంటె.
రెండోసారి, "సదరు వ్యక్తి ఊళ్లో లేడు."
అదే సాయంత్రం భిక్షపతి
నల్లకుంట మార్కెట్ల చింతచిగురు బేరం చేస్తుండు.
నన్ను చూసి నవ్విండు గూడ.
"సచ్చేదాంక ఇయ్య.
తిరుగు. నీ కాళ్లు, నీ చెప్పులు."

తిరిగిన.
కౌన్సెలింగ్ గదిల రెండు కుర్చీలేసిండ్రు,
ఒకదాంట్ల నా హ్యాండ్‌బ్యాగ్ కూసున్నది.
వాయిదాకొక రోజు జీతం కోసింది ల్యాబ్.
రక్తం గుంజే చేతులు నావి,
ఎంత సన్నని నరమైనా ఒక్క పోటుకు దొరుకుతది.
ఈ ఒక్క మనిషి దొరకడు.

పాప ప్రోగ్రెస్ కార్డు మీద
ఏడేండ్లు ఆయన సంతకం నేనే పెట్టిన.
ఆయనకంటె నాకే మంచిగొస్తది.
ఇక్కడ పనికిరాదది.

ఇయ్యాల ఫైలు తిప్పుతుంటె
అడుగు నుంచి ఒక కాయితం జారింది.
రెండో ప్రతివాదికి సమన్లు: ముట్టినయి.
స్వరూప.
గుండ్రటి అక్షరాలు, బడిపిల్ల రాసినట్టు.
వ ఒత్తు తడబడి, మళ్ల దిద్దింది.
తారీఖు గూడ ఏసింది.
"మంచినీళ్లిచ్చిందమ్మా," అన్నడు అమీన్,
"నా పెన్ను రాయకపోతె ఇంట్లకు పోయి తెచ్చుకున్నది."

రెండేండ్ల నుంచి ఆమెను తిట్టని పూట లేదు.
ఈ కేసుల నా మాటకు బదులిచ్చింది
ఆమె ఒక్కతే.

బంట్రోతు గొంతు సవరించుకున్నడు.
ఆయన పేరు మూడుసార్లు పిలిచిండు.
వరండాల ఎవరో దగ్గిండ్రు, అంతే.
తర్వాత ఆమె పేరు.

నేను తలుపు దిక్కు తిరిగిన.