జవాను

మా ఆఫీసులో ఆ మాట రోజుకి నలభైసార్లు పలుకుతుంది.
జవానూ, మంచినీళ్లు.
జవానూ, ఎడమకాలువ ఫైలు.
జవానూ, బయట రైతులెవరో వచ్చినట్టున్నారు,
సారు లేరని చెప్పు.
సారు లోపలే ఉంటారు, వేయించిన జీడిపప్పు నములుతూ.

నరసన్నపేట, ఇరిగేషన్ సబ్‌డివిజన్.
వరండాలో ఒక స్టూలు,
పొట్టికాలి కింద మడతపెట్టిన పాత టెండరు ఫారం.
దాని మీద మెండ దాలినాయుడు.
పదిహేడేళ్లు పటాలంలో,
పదిహేడేళ్లు ఈ స్టూలు మీద.

వచ్చిన కొత్తలో
గంట మోగితే మడమలు టక్కుమని కలిపేవాడట.
సూపరింటెండెంటు గారి టీ ఒలికింది.
"అంత చప్పుడెందుకయ్యా, ఇదేం బోర్డరు కాదు."
మర్నాడు చెప్పులు మార్చాడు.
రబ్బరువి.

మాట మాత్రం మారలేదు.
అక్కడా జవానే, ఇక్కడా జవానే.
అప్పుడు సెలవుకొస్తే ఆ మాటకి
బస్సులో సీటు దొరికేది,
సంచీలో క్యాంటీను సీసా ఉందేమోనని
ఊరంతా సంచీతోనే మాట్లాడేది.
ఇప్పుడు అదే మాటకి
గ్లాసులు కడగడం వస్తుంది, తాళాలగుత్తి వస్తుంది,
సారుగారి అమ్మాయి స్కూలు బ్యాగు వస్తుంది.

గేటు పక్క దస్తావేజులు రాసే మస్తాన్ సాహెబు
ఒకరోజు కలం మూతపెట్టి చెప్పాడు:
"అది ఫార్సీ మాట నాయుడూ, చాలా దూరం నడిచొచ్చింది.
అసలర్థం పడుచువాడు. అంతే.
అందులో తుపాకీ లేదు, టీ ట్రే లేదు."
దాలినాయుడు నవ్విన నవ్వుకి
పైపన్ను లేని చోటు కనబడింది.
"అయితే బాబూ, నా ఉద్యోగం రూల్సుకి ఇరుద్దం.
యాభైమూడు నడస్తంది.
మోకాలు లడక్‌లోనే వదిలీసినాను."

మొన్న వానలప్పుడు
జలుమూరు అవతల ఊరికి ఒక పెట్టె వచ్చింది.
ఇరవైనాలుగేళ్లవాడు.
పేపర్లో అదే మాట, అరచేతంత అక్షరాల్లో,
ముందు 'వీర' తగిలించుకొని.
మేమూ లేచి నిలబడ్డాం, రెండు నిమిషాలు.
కాగితాలు ఎగురుతున్నాయని ఫ్యాను ఆపించారు.
రెండో నిమిషం అయ్యీ అవకుండానే
సూపరింటెండెంటు గారి నోరు, పాపం, అలవాటున
"జవానూ, ఫ్యాను వెయ్యి" అంది.

ఎవరం కూర్చోలేదు.
గోడగడియారానికి చప్పుడుందని
ఆరోజే తెలిసింది నాకు.
దాలినాయుడు వెళ్లి స్విచ్చి నొక్కాడు.
రెక్కలు అందుకోవడానికి చాలాసేపు పట్టింది.
సాయంత్రం దాకా ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకున్నాం.
మర్నాడు మామూలే.
మొదట పిలిచింది నేనే, స్టాంపుప్యాడ్ కోసం.

తెల్లవారుజామున హైవే పక్క
మడపాం వంతెన వైపు గుంటలు పరిగెడతారు.
ఎప్పుడో పడబోయే ర్యాలీ కోసం.
ఒకడికి ఛాతీ ఒక సెంటీమీటరు చాల్లేదు,
ఒకడికి చెవిలో ఏదో ఉందన్నారు,
ఒకడికి ఇది మూడోసారి, ఇదే ఆఖరు.
ఫార్సీ లెక్కన అచ్చమైన జవాన్లు వీళ్లే.
జీతం లెక్కన ఎవరూ కారు.

నడకకి వెళ్లినదాన్ని, ఆగిపోయాను.
కిలోమీటరు రాయి దగ్గర లుంగీ, ఉన్నిటోపీ,
లారీ వెలుగు పడ్డప్పుడల్లా
చేతిలో మెరుస్తున్న వాచీ. దాలినాయుడు.
నన్ను చూడలేదు. చూసినా
ఆ సమయంలో నన్ను మేడమ్ అననక్కర్లేదు.

బక్కగుంటడొకడు వచ్చి, వంగి
మోకాళ్లు పట్టుకున్నాడు.
"ఎంతయ్యింది తాతా?"
"ఆరు పది. ఇంకో నలభై సెకన్లు కొయ్యాల.
కోసినావంటే జవానువి."
వాడికి ఊపిరందడం లేదు గానీ వెటకారం అందింది.
"మరి నువ్వో?"

వాచీ చూసుకున్నాడు. ఇంకా ఐదు కాలేదు.
"నానా?
నాను పదింటికవుతాను."