ఖాళీలను పూరింపుము

మూడో తరగతి నోటుబుక్కులో
రెండు జవాబులకి రెండు ఎర్ర ఇంటూలు.

మనం ఉదయం ........ తింటాము.
బొమ్మిడాయిల పులుసన్నం, అని రాసింది మా కామాక్షి.
మనం రాత్రి ........ తింటాము.
కారం దోసె, అని రాసి
ఇంకా జాగా మిగిలితే
పప్పులపొడి కూడా ఇరికించింది.

దిద్దించి పంపమంది టీచరమ్మ.
ఆమెకి ఏమని చెప్పేది?
మైపాడు రోడ్డు దిగి ఉప్పుకాలవ దాటితే
ఎనిమిది రొయ్యల గుంటలు,
వాటికి మా మస్తానయ్య రాత్రి కాపలా.
ఏరియేటర్ల మోత వినపడతా ఉంటే ఆయనకి నెమ్మది.
కరెంటు పోతే ముందు జనరేటరు,
దేవుడు ఆ తర్వాత.

రొయ్యలకి మేత వేళ తప్పకూడదు.
టార్చిలైటేసి చెక్ ట్రే ఎత్తి
మేత మిగిలిందా, పేగు నిండిందా
అని ఒక్కోదాన్నీ పట్టి చూస్తాడు.
తన పేగు సంగతి
తెల్లారేదాకా అడగడు.

ఆరున్నరకి వాకిట్లో బండి స్టాండు చప్పుడు.
వీధంతా ఇడ్లీ పాత్రల మూతలు తీస్తా ఉంటే
నేను గంజి వారుస్తా ఉంటా.
పులుసు నిన్న మాపటేళ కాచిందే.
మట్టిచట్టిలో మామిడిముక్కని పక్కనేసుకుని
రాత్రంతా పడుకుంది.
పులుసుకి నిద్ర కావాలమ్మే, అనేది మా అత్త.
మా ఇంట్లో రాత్రిపూట
కుదురుగా నిద్రపోయేది అదొక్కటే.

పిక్కల మీద ఉప్పుబురద తెల్లగా ఎండిపోయుంటది.
కడుక్కునొచ్చి కూర్చుని
ముల్లు ఏరి మొదటి ముద్ద పిల్లకి పెడతాడు.
అది బడిసంచీ తగిలించుకునే నోరు తెరస్తది.
చేపల వాసనతో బడికా, అని
పక్కింటి సుబ్బరత్నమ్మ దిగులు.
సబ్బుంది కదక్కా, అంటా.

మా అమ్మ శనివారం ఒక్కపొద్దు.
రాత్రికి అన్నం ముట్టదు, ఉప్పుపిండే.
వారానికొకసారైతే భక్తి,
రోజూ అయితే ఎర్ర ఇంటూ.
మా తాతయితే పొద్దున్నే సద్దికూడు తాగి పొలం పోయినోడు.
ఇడ్లీ అంటే ఆయనకి
జొరమొచ్చిన రోజు.

అయిదున్నరకి పడమటెండ మొహాన పడితే లేస్తాడు.
వాకిట్లో పళ్లు తోముకుంటా ఉంటే
పనికి పోయొచ్చేవాళ్లు నవ్వుకుంటా పోతారు.
పెనం మీద ఉల్లిగడ్డ రుద్దుతా,
చుయ్యిమంటది.
అదీ మాకు కోడికూత.
రెండు తిని, రెండు పొట్లం కట్టుకుని
బండెక్కుతాడు.
గుడ్ మార్నింగ్ నాయనా, అంటది కామాక్షి.

పోయిన ఆషాఢంలో తెల్లమచ్చ తగిలింది.
మూడు రోజులకి గుంటల్లో నీళ్లు తోడేశారు.
నలభై రోజులు
టీచరమ్మ మెచ్చేటట్టే బతికాం:
పొద్దున ఇడ్లీ, రాత్రి అన్నం,
జీతం లేదు.
మంచి మొలగొలుకుల అన్నం పెట్టినా
రాత్రి తొమ్మిదికి ఆయనకి గొంతు దిగేది కాదు,
ఇప్పుడే లేచినట్టుంది మేయ్, అనేవాడు.
ఏ రెండింటికో ఉలిక్కిపడి కూర్చుని
తలెత్తి చూసేవాడు
ఫ్యాను తిరగతా ఉందా అని.
తిరగతానే ఉంది, పడుకో, అనేదాన్ని.
పడుకునేవాడు కాదు.
నాకూ నిద్ర పట్టేది కాదు.
పులుసు మటుకు, పాపం,
అన్ని రాత్రుల్లో ఒక్కసారీ నిద్రపోలేదు,
కాచిన పూటే అయిపోయేది.

మొన్న కొత్త పిల్ల వదిలారు గుంటల్లోకి.
మళ్లీ మోత మొదలైంది.

పెనం కాలింది. పొద్దు గూకతా ఉంది.
లోపల మస్తానయ్య చొక్కా వెతుక్కుంటా ఉండాడు.
రబ్బరు చేతబట్టుకుని వచ్చి
చెరిపేదా అమ్మా, అంటది పిల్ల.
తిన్నాక చూద్దాంలే, అన్నా.

రెండో దోసెకి
కారం వేలితోనే పేజీ తిప్పింది.