మూడో పెరుగు ప్యాకెట్

దసరా పొద్దు మా ఇంట్ల
మటన్ ఉడికేలోపే మాటలు ఉడుకుతయి.

చిన్నబాపు బోడుప్పల్ ప్లాటు సంగతి ఎత్తిండు.
పెద్దన్న గ్లాసు కింద పెట్టిండు, జరంత గట్టిగ.
వదిన గరిటెతో గిన్నె అంచును రెండుసార్లు కొట్టింది.
ఆ చప్పుడు తర్వాత ఏమొస్తదో నాకు ఎరుకే.

"పెరుగు అయిపోయింది, తెస్త" అన్న.
ఫ్రిజ్‌ల రెండు ప్యాకెట్లున్నయి.

గల్లీ చివర, మూసిన జిరాక్స్ షాపు మెట్ల మీద
స్కూటీ తాళంచెవి అరచేతిల గుచ్చుకునేదాక
పట్టుకొని కూసున్న.
ఉప్పల్ దిక్కు మెట్రో ఒకటి పోయింది.
ఇంకోటి పోయింది.

కొత్త షర్టుకు స్టిక్కర్ గూడ తియ్యని పిల్లగాడొకడు
మైదానం నుంచి వస్తుండు.
"పాలపిట్ట కనవడ్డదారా?"
"కనవడలే అక్కా. తీగ మీద పావురముంటే
దానికే దండం పెట్టిన."

మూడో ప్యాకెట్ పట్టుకొని మెట్లెక్కిన.
లోపల ఇంకా గజాలే లెక్కవెడుతుండ్రు.
పెద్దన్న నా దిక్కు చూడకుండనే
జేబులకెల్లి జమ్మాకు తీసి చేతుల పెట్టిండు.
నలిగింది, సగం పొడి.
బంగారం అనలే.
నేనూ కాళ్లు మొక్కలే.

పెరుగు పక్కన ఆకును గూడ
ఫ్రిజ్‌ల పెట్టిన.
వాడిపోదని.