అధికాక్షరం

పుయ్ సాన్ తెచ్చిన కాగితంలో
వాళ్ళమ్మ పోయిన తేదీకి పేచీ లేదు.
ఆసుపత్రి ముద్ర, గంట, నిమిషంతో సహా.
నాకు తేడా వచ్చేది ఎప్పుడూ పుట్టుక దగ్గరే.

ఈపోలో నలభయ్యేళ్ళుగా సమాధి రాళ్ళు చెక్కుతున్నాను.
మా రాళ్ళ మీద చంద్రుడి లెక్కే ఉండాలి.
గుర్తింపు కార్డేమో సూర్యుడి పక్షం:
చాయ్ యోక్ ఇన్, జూన్ తొమ్మిది,
పంతొమ్మిది వందల నలభై ఒకటి.

అనుమానం వేసింది.
ఆ కాలపు తండ్రులు తగరం గనుల్లోంచి
బురద కాళ్ళతో ఆఫీసుకెళ్ళి
"ఆరో నెల, తొమ్మిది" అనేవారు.
గుమాస్తా తలెత్తకుండా జూన్ అని గీకేవాడు.

వందేళ్ళ పంచాంగం దించాను.
అంచులు చెదలు తిన్నాయి, మధ్యలో మా నాన్న వేళ్ళ జిడ్డు.
ఆరో నెల తొమ్మిదో రోజంటే జూలై మూడు.
మూసెయ్యబోయి ఆగాను.
ఆ ఏడు ఆరో నెల రెండుసార్లు వచ్చింది.
రెండోదైతే ఆగస్టు ఒకటి.
కరువులో అధిక మాసమంటే అదే మరి,
డిసెంబరుకల్లా యుద్ధం వచ్చి పడింది.

"ఏదో ఒకటి చెక్కండి," అంది పుయ్ సాన్.
"అమ్మ పుట్టినరోజు చేసుకోగా నేను చూడలేదు."
కాసేపాగి తనే,
"ఎర్ర గుడ్లు మాత్రం ఉడికించేది, ఎప్పుడో, ఎందుకో చెప్పకుండా.
నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి,
ఆ రంగు యూనిఫాంకి అంటి బడిలో తిట్లు తిన్నాను.
పదిహేడప్పుడు ఇంకోసారి.
ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు ఊసే లేదు.
మళ్ళీ ఒకసారి. ఆఖరికి పోయినేడు,
చేతులు వణుకుతుంటే పొయ్యి నేనే వెలిగించాను."

ఆమె మాట్లాడుతుంటే నా వేలు పేజీల మీద నడుస్తోంది.
డెబ్బై తొమ్మిది. ఎనభై ఏడు.
రెండు వేల పదిహేడు. ఇరవై ఐదు.
ఆరో నెల రెండుసార్లు వచ్చిన ఏళ్ళు.

పంచాంగం ఆమె వైపు తిప్పాను.
చాలాసేపు చదివింది.
చదివిందో, ఊరికే చూసిందో.

అధికమనే అక్షరం మా లిపిలో
ద్వారం నడుమ నిలబడ్డ రాజు.
మొత్తం పన్నెండు గీతలు. తలుపులు తేలిక.
లోపలి నాలుగు గీతల దగ్గరే
ఉలీ నేనూ ఊపిరి బిగబడతాం.
అక్షరానికింత అని నా కూలి.
దీనికీ పుచ్చుకున్నాను.

రాతిపొడి ఊదేసి చూపించాను.
పుయ్ సాన్ వంగి
చిటికెన వేలు ఆ గుమ్మంలోకి పోనిచ్చింది.
పట్టలేదు.