తొట్టి అంచున పదకొండు అక్షరాలు

కాగితం తడిపి, తొట్టి అంచు మీద పరిచి
బ్రష్షుతో కొడుతున్నాను.
తొట్లకొండ మీద అప్పుడే ఎండ చురుక్కుమంటోంది.
కింద బీచ్ రోడ్డు, దానవతల
రేవులో చోటు కోసం లంగరేసుకున్న మూడు ఓడలు.

మసిమెత్త అద్దేసరికి తేలింది ఇంతే:
సేనాపతిస పుసిలస దానం.
పదకొండు అక్షరాలు.
ముందున్నది విరిగిపోయింది, వెనకది వాన తినేసింది.
ఏ రాజుకి సేనాపతో తెలీదు,
ఎన్ని ఏనుగులో, ఎవరి మీదికో.
ఇరవై ఆరేళ్లుగా రాళ్లకి అచ్చులు తీస్తున్నవాణ్ణి
ఖాళీ జాగా కనిపిస్తే ఊరుకోలేను.

పుసిలుడు. పుష్యమిలో పుట్టి ఉంటాడు.
తండ్రి ఏనుగులకి మేత కొలిచేవాడనుకుందాం.
పద్నాలుగో ఏట బల్లెం, ఇరవైలో గుర్రం,
ముప్ఫై దాటాక ఒక చెవి పోయింది,
ఆ పక్కనుంచి వచ్చే జయజయధ్వానాలు
ఆనక వినపడలేదు.
తర్వాత ఒక కోట.
గోడలెక్కలేక, వాగుకి అడ్డంగా కట్ట వేయించి
గుడారం ముందు కూర్చుని
రోజులు లెక్కపెట్టాడు.
తొమ్మిదో నాడు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.
బయటికొచ్చినవాళ్లు కత్తులు పడేయలేదు,
చేతుల్లో కత్తులుంటే కదా.
ఖాళీ కుండలు తెచ్చారు.
ఒక పిల్ల, కుండ కూడా కాదు, దోసిలి.

అందుకే ముసలితనంలో ఈ కొండెక్కాడు,
భిక్షువుల కోసం రాయి తొలిపించాడు,
ఏ వానకైనా ఇది నిండుతుంటే
ఆ దోసిలి

"ఆపు బాబూ" అంది ఎర్నమ్మ,
గడ్డి కోస్తున్న కొడవలి దింపి.
మంగమారిపేట మనిషి, ఇక్కడ రోజుకూలి.
"నుయ్యి తవ్వించినోడల్లా పాపం సేసినోడేటి?
దాహమేసినోడు తవ్వించడా?"

కోట బయటివాణ్ణి లోపలికి మార్చి చూశాను.
అదే వాగు, అవే తొమ్మిది రోజులు.
పిడచకట్టిన నాలుకతో గోడ మీద నిలబడి
కింద గుడారం ముందు కూర్చున్న ఎవడినో
చూస్తున్న పుసిలుడు.
అక్షరాల్లో ఒక్కటి కూడా కదల్లేదు.

మధ్యాహ్నానికి కాగితం ఆరింది.
ఓ మూలనుంచి మెల్లగా ఎత్తాను,
అయినా "దానం" దగ్గర కాస్త చిరిగింది.
స్టీలు గిన్నె కడుక్కోడానికి
ఎర్నమ్మ తొట్టిలోకి వంగింది:
మొన్నటి వాన, నాచు, ఒక కప్ప.
"ఎవుడైతే మనకేటి, నీల్లున్నాయి."

లెడ్జరు తీసి గళ్లు నింపాను,
దొరికిన చోటు, కొలతలు, లిపి.
దాత వివరాలు అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది.
కింద ఒక ఓడకి పిలుపొచ్చినట్టుంది,
లంగరు లేపుతోంది.
ఆ గడిలో రాశాను:
నీళ్లు ఉన్నవి.